వీరనారి ఐలమ్మ

పాఠ్యభాగ ఉద్దేశం

ఆధునిక చరిత్రను ప్రభావితం చేసిన స్త్రీలను తలచుకొనేటప్పుడు చదువుకొన్నవారి పేర్లు, పదవులు నిర్వహించినవారి పేర్లు ముందుగా మనకు గుర్తుకు వస్తాయి. ధనం, చదువు, అధికారం ఏవీ లేని ఒక సామాన్య రైతు స్త్రీ తన హక్కు కోసం నిలబడి ఒక మహోద్యమానికి స్ఫూర్తిగా ఎట్లా నిలిచిందో తెలియజేయడం, శ్రమను గౌరవించే సంస్కారాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

పాలకుర్తి అనగానే సాహిత్యాభిమానులకు పాల్కురికి సోమనాథుడు స్ఫురిస్తాడు. సంస్కృత మర్యాదలను కాదని ద్విపదకు, జాను తెనుగుకు పట్టం కట్టిన శివకవి ఆయన. ఆ ఊరికి సమీపంలోనే బమ్మెర ఉన్నది. అది తన భాగవతాన్ని రాజులకు కాక శ్రీరామునికి సమర్పించిన పోతన పేరుతో ముడివడిన గ్రామం. దొరల ముందు తల వంచని స్వభావం ఆ నేలకు కొత్త కాదు. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ స్వభావం ఒక కవిలో గాక, బట్టలుతికి పొలం దున్ని బ్రతికిన ఒక స్త్రీలో వ్యక్తమైంది. ఆమె చిట్యాల ఐలమ్మ. లోకం ఆమెను చాకలి ఐలమ్మ అని పిలిచింది.

నేటి పాలకుర్తి జనగామ జిల్లాలోని మండల కేంద్రం. ఐలమ్మ పోరాడిన కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. ఆ తాలూకా తరువాత వరంగల్ జిల్లాలో చేరింది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు జనగామ ప్రత్యేక జిల్లా అయింది. అందువల్లనే ఐలమ్మ కథ నల్లగొండ రైతాంగ పోరాట చరిత్రలో తొలి పుటలలో కనిపిస్తుంది.

ఐలమ్మ 1895 సెప్టెంబరు 26న నేటి వరంగల్ జిల్లా రాయపర్తి మండలంలోని కృష్ణాపురంలో జన్మించింది. తల్లి మల్లమ్మ, తండ్రి ఓరుగంటి సాయిలు. చిన్ననాటనే పాలకుర్తికి చెందిన చిట్యాల నరసింహతో ఆమెకు వివాహం జరిగింది. కులవృత్తి బట్టలుతకడం. ఆమె బడికి పోయి చదువుకొన్నది కాదు. రేవు, ఇల్లు, పొలం, పిల్లల పెంపకం, ఈ నాలుగింటి నడుమనే ఆమె జీవితం సాగింది. ఊరివారందరి మైలను కడిగే ఆ కుటుంబానికి ఊరిలో మర్యాద మాత్రం దక్కేది కాదు.

ఐలమ్మ జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ఆనాటి సామాజిక పరిస్థితులను తెలుసుకోవాలి. హైదరాబాదు సంస్థానం అప్పుడు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో ఉన్నది. గ్రామాలలో ప్రభుత్వమంటే జాగీర్దార్లు, దేశముఖులు, పటేళ్ళు, పట్వారీలే. పన్నులు వసూలు చేసే అధికారంతో మొదలై, దేశముఖులు వేలాది ఎకరాలకు యజమానులయ్యారు. భూమి ఎవరి పేరిట ఉన్నదో చెప్పే కాగితాలు పట్వారీ చేతిలో ఉండేవి. చదువురాని రైతు తన పొలం తనదేనని నమ్ముతూ దున్నుకొంటూ ఉండగానే, కాగితాలలో అది మరొకరి పేరిట మారిపోయేది. నాగలి పట్టిన చేతికంటే కలం పట్టిన చేయి బలమైనదిగా ఉండిన కాలమది.

దీనికి తోడు వెట్టిచాకిరీ ఉండేది. ఊరికి అధికారి వచ్చినా, దొర గడీలో శుభకార్యం జరిగినా కులవృత్తులవారందరూ కూలి లేకుండా పని చేయవలసి వచ్చేది. కుమ్మరి కుండలు ఇవ్వాలి. గొల్లవారు గొర్రెలను ఇవ్వాలి. చాకలివారు బట్టలు ఉతకడమే కాక, అంట్లు తోమాలి, పసుపు దంచాలి, పొయ్యి దగ్గర సాయం చేయాలి. తమ పొలంలో పని మిగిలిపోయినా, ఇంట్లో పసిబిడ్డ ఏడుస్తున్నా గడీ నుండి పిలుపు వస్తే కదలక తప్పదు. వెట్టిని నిషేధిస్తూ నిజాం ప్రభుత్వం ఫర్మానాలు వెలువరించినా అవి గడీల గోడలు దాటి లోపలికి పోలేదు.

ఈ పరిస్థితులలో తెలంగాణలో చైతన్యం మెల్లమెల్లగా మేల్కొన్నది. 1930లో మెదక్ జిల్లా జోగిపేటలో ఆంధ్ర మహాసభ తొలి సమావేశం జరిగింది. మహబూబ్‌నగర్ ప్రాంతంలో పుట్టి పెరిగిన సురవరం ప్రతాపరెడ్డి దానికి అధ్యక్షత వహించారు. భాష, విద్య, గ్రంథాలయాల వికాసం కోసం మొదలైన ఈ సంస్థ క్రమంగా రైతుల సమస్యలను చేపట్టింది. 1944లో నల్లగొండ జిల్లా భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన పదకొండవ మహాసభ తరువాత అది పల్లెపల్లెకూ పాకింది. వెట్టి చేయవద్దని, అక్రమ వసూళ్ళు ఇవ్వవద్దని, సాగుచేసే భూమి నుండి రైతును తొలగించరాదని అది ప్రచారం చేసింది. పల్లె ప్రజలు దానిని ముద్దుగా సంఘం అని పిలుచుకొన్నారు. పాలకుర్తిలో సంఘం ఏర్పడినప్పుడు ఐలమ్మ కుటుంబం అందులో చేరింది. అప్పటికి ఆమె వయసు యాభై ఏండ్లకు చేరువలో ఉన్నది.

ఐలమ్మకు సొంత భూమి లేదు. కులవృత్తి వల్ల వచ్చే గింజలతో కుటుంబం గడవడం కష్టమై, మల్లంపల్లి భూస్వామి వద్ద నలభై ఎకరాలు కౌలుకు తీసుకొన్నది. అందులో నాలుగు ఎకరాలను భార్యాభర్తలు, పిల్లలు కలిసి సాగులోకి తెచ్చారు. మెట్ట ప్రాంతంలో పడావుపడిన నేలను వరి పండే మడిగా మార్చడం ఎంతటి శ్రమో రైతుబిడ్డలకు వేరుగా చెప్పనక్కరలేదు. పొదలు నరకాలి, రాళ్ళు ఏరాలి, గట్లు వేయాలి, నీరు పారించాలి. ఆ నాలుగెకరాలు ఆ కుటుంబానికి అన్నం పెట్టడమే కాక, ఊరిలో తలెత్తుకొని నిలబడే ధైర్యాన్ని కూడా ఇచ్చాయి.

ఊరి పెద్దలకు మింగుడుపడనిది ఆ ధైర్యమే. పాలకుర్తి పట్వారీ తన పొలంలో వచ్చి పనిచేయాలని ఐలమ్మ కుటుంబాన్ని ఒత్తిడి చేశాడు. తన పొలంలో పని ఉన్నదని, కూలి లేని పనికి రానని ఐలమ్మ నిరాకరించింది. చాకలి స్త్రీ పట్వారీ మాట కాదనడం ఆ ఊరిలో ఊహించని సంగతి. ఐలమ్మ కుటుంబం సంఘంలో చేరిందనీ, దానిని చూసి మిగిలినవారు కూడా మాట వినడం లేదనీ అతడు విసునూరు దేశముఖు రాపాక వెంకట రామచంద్రారెడ్డికి ఫిర్యాదు చేశాడు.

విసునూరు దేశముఖు పేరు వింటేనే చుట్టుపక్కల ఊళ్ళు వణికేవి. ఆయనకు అరవై గ్రామాలలో నలభై వేల ఎకరాల భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఆయనతో తలపడినవారి గతి ఏమవుతుందో ప్రజలకు తెలుసు. కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తన భూమి కోసం దేశముఖుపై ఏండ్ల తరబడి న్యాయస్థానంలో పోరాడి గెలిచాడు. గెలిచిన ఫలితాన్ని అనుభవించకముందే దేశముఖు మనుషులు అతనిని చంపివేశారు. బందగీ సమాధి ఆ దారిన పోయేవారందరికీ ఒక హెచ్చరికగా నిలిచింది. అది తెలిసి కూడా ఐలమ్మ వెనుకంజ వేయలేదు. ఆమె తెగువ విలువను మనం ఇక్కడనే గుర్తించాలి. ప్రమాదం తెలియక ముందుకు పోవడం సాహసం కాదు. తెలిసి నిలబడడమే సాహసం.

సంఘాన్ని అణచాలంటే ముందు ఐలమ్మను లొంగదీయాలని దేశముఖు భావించాడు. మొదట సంఘం కార్యకర్తలపైన, ఐలమ్మ కుటుంబ సభ్యులపైన కేసులు బనాయించారు. అవి న్యాయస్థానంలో నిలువలేదు. ఆమె పక్షాన వాదించినవారిలో కొండా లక్ష్మణ్ బాపూజీ ముఖ్యులు. కేసులతో పని జరగదని తెలిసిన తరువాత దేశముఖు భూమిపై కన్ను వేశాడు. ఐలమ్మ కౌలుకు చేస్తున్న భూమి తన పేరిట ఉన్నట్లు కాగితాలు పుట్టించాడు. భూమి తనది కనుక అందులోని పంట కూడా తనదేనని ప్రకటించాడు. అప్పటికి పొలంలో వరి పండి కోతకు సిద్ధంగా ఉన్నది.

ఇక్కడ పోగొట్టుకొనేది ఏమిటో ఒకసారి ఆలోచించండి. చేతికి వచ్చిన పంట పోతే ఆ యేడు ఆ ఇంట పొయ్యి వెలగదు. అంతకంటే ముఖ్యంగా, ఆ పంట గడీకి చేరితే సంఘం మాటలన్నీ వట్టివని ఊరంతా అనుకొంటుంది. ఇక ఏ రైతూ తల ఎత్తడు. నాలుగెకరాల వరి మీద ఒక ప్రాంత ప్రజల ఆశలన్నీ ఆధారపడినాయి.

కోత రోజు రానే వచ్చింది. దేశముఖు పంట కోసుకొని రమ్మని వందమందికి పైగా మనుషులను పంపాడు. వారిలో లాఠీలు పట్టినవారు ఉన్నారు, కోత కోయడానికి వెట్టిగా తీసుకొని వచ్చిన కూలీలు ఉన్నారు. సంఘం తరఫున కర్రలు పట్టి నిలిచినవారు 28 మంది మాత్రమేనని ఉద్యమ నాయకుల రచనలు చెబుతున్నాయి. భీమిరెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు, ఆరుట్ల రామచంద్రారెడ్డి, నల్లు ప్రతాపరెడ్డి, కట్కూరి రామచంద్రారెడ్డి వంటి నాయకులు ఈ పోరాటంలో ఐలమ్మకు అండగా నిలిచారు. నినాదాలు చేస్తూ కార్యకర్తలు పొలంలోకి దూకేసరికి, కూలికి వచ్చిన గూండాలు నిలువలేక పారిపోయారు. ఐలమ్మ, ఆమె కుటుంబ సభ్యులు, కార్యకర్తలు కలిసి వరి కోశారు. కల్లంలో కట్టలు కొట్టి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు.

పండించినవారి ఇంటికి పంట చేరింది. చెప్పడానికి ఇది చిన్న విషయం. కాని దేశముఖు ఆజ్ఞ చెల్లకపోవడం ఆ ప్రాంతంలో అంతకు ముందు జరగలేదు. ఈ వార్త ఊరూరికీ పాకింది. ఒక చాకలి స్త్రీ దొరను ఎదిరించి తన ధాన్యం తాను ఇంటికి తెచ్చుకొన్నదని విన్న ప్రతి పేద రైతుకూ తన పొలం గుర్తుకు వచ్చింది.

దేశముఖు ఓటమిని సహించలేదు. పోలీసుల సాయంతో సంఘం నాయకులను నిర్బంధించి చిత్రహింసలు పెట్టించాడు. ఐలమ్మ ఇంటిపై దాడి చేయించి ధాన్యాన్ని దోపిడీ చేయించాడు. ఇంటికి నిప్పు పెట్టించాడు. ఆమె కుమార్తెపై అమానుషమైన అఘాయిత్యం జరిగింది. భర్త, కుమారులు కేసుల పాలై దూరమయ్యారు. ఇల్లు కాలింది, ధాన్యం పోయింది, కన్నబిడ్డ తీరని గాయానికి గురియైంది. ఇంత జరిగినా భూమిని వదులుకొంటానన్న మాట ఐలమ్మ నోటినుండి రాలేదు. దొర కాళ్ళ మీద పడితే కష్టాలు తీరుతాయని సలహా ఇచ్చినవారు ఎప్పుడూ ఉంటారు. ఆమె ఆ దారి తొక్కలేదు. తన ప్రాణం తీయగలరేమో గాని తన నేలను, తన పంటను తీసుకొనలేరన్న నిశ్చయంతో ఆమె నిలిచింది. చివరకు భూమి ఆమెకే దక్కింది. ఆమె కుమారులు పట్వారీ ఇంటిని కూల్చి, ఆ స్థలంలో మొక్కజొన్న పండించారని ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకొంటారు.

ఐలమ్మ రగిల్చిన నిప్పు అక్కడితో ఆగలేదు. 1946 జూలై 4న కడవెండి గ్రామంలో ఊరేగింపుగా పోతున్న ప్రజలపై విసునూరు దేశముఖు మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య అమరుడయ్యాడు. ఆ ఊరేగింపు వెనుక ఐలమ్మ విజయం ఇచ్చిన ధైర్యం ఉన్నది. కొమరయ్య మరణంతో ఉద్యమం సాయుధ పోరాటంగా మారి, నల్లగొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాలను ఊపివేసింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. రైతుల పోరాటం మాత్రం 1951 అక్టోబరు వరకు కొనసాగింది. ఈ పోరాట కాలంలో దాదాపు మూడువేల గ్రామాలలో పది లక్షల ఎకరాల భూమి పంపిణీ అయిందనీ, నాలుగువేల మంది ప్రాణాలు అర్పించారనీ ఉద్యమ నాయకులు రాశారు. 1949లో జాగీర్దారీ విధానం రద్దయింది. 1950లో వచ్చిన హైదరాబాదు కౌలుదారీ చట్టం సాగుదారుకు రక్షణ కల్పించింది. చట్టం గుర్తించకముందే ఆ హక్కును ఐలమ్మ తన పొలంలో నిలబెట్టుకొన్నది.

ఈ పోరాటంలో స్త్రీల పాత్ర విశిష్టమైనది. నల్లగొండ జిల్లాకు చెందిన ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం వంటివారు ఉన్న కుటుంబాలలో పుట్టి, సుఖాలను వదిలి దళాలలో పనిచేశారు. తరువాతి కాలంలో శాసనసభ్యులై ప్రజల వాణిని వినిపించారు. ఐలమ్మది వేరొక మార్గం. ఆమె ఉపన్యాసాలు ఇవ్వలేదు, పదవులు ఆశించలేదు. తన పొలం గట్టు మీద తాను నిలబడడమే ఆమె చేసిన ఉద్యమం. ఇటువంటి ఉదాహరణలు ప్రపంచ చరిత్రలో మరికొన్ని ఉన్నాయి. 1955లో అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో రోజా పార్క్స్ అనే నల్లజాతి స్త్రీ బస్సులో తన సీటును తెల్లవానికి ఇచ్చి లేవడానికి నిరాకరించింది. ఆమె బట్టలు కుట్టి జీవించే శ్రామికురాలు. ఆ ఒక్క నిరాకరణ అక్కడి పౌరహక్కుల ఉద్యమానికి ప్రాణం పోసింది. దానికి దాదాపు పదేండ్లు ముందే పాలకుర్తిలో మరొక శ్రామిక స్త్రీ తన పంటను ఇవ్వడానికి నిరాకరించింది. దేశాలు వేరు, భాషలు వేరు. అన్యాయానికి కాదు అని చెప్పిన గొంతు మాత్రం ఒక్కటే.

పోరాటం ముగిసిన తరువాత ఐలమ్మ పాలకుర్తిలోనే సామాన్య జీవితం గడిపింది. పేరు ప్రతిష్ఠలు సంపదను తేలేదు. ఆమె కూడా వాటి కోసం ఎవరి గడపా తొక్కలేదు. పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను సేకరించి స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన మనకు తెలియని మన చరిత్ర అన్న గ్రంథంలో ఐలమ్మ అనుభవాలు కూడా చోటు చేసుకొన్నాయి. అప్పటివరకు నాయకుల రచనలలో కొన్ని పంక్తులుగా మాత్రమే మిగిలిన ఆమె, అందులో తన కథను తానే చెప్పుకొన్న వ్యక్తిగా కనిపిస్తుంది. ఆ గ్రంథం వెలువడేనాటికి ఆమె లేదు. 1985 సెప్టెంబరు 10న పాలకుర్తిలో ఆమె కన్నుమూసింది.

మరణానంతరం ఐలమ్మ కీర్తి పెరుగుతూ వచ్చింది. తెలంగాణ రాష్ట్ర ఉద్యమకాలంలో ఆమె పేరు ఆత్మగౌరవానికి సంకేతమైంది. పల్లెలలో, పట్టణాలలో ఆమె విగ్రహాలు వెలిశాయి. 2014లో రాష్ట్రం ఏర్పడిన తరువాత ప్రభుత్వం ఆమె జయంతిని, వర్ధంతిని అధికారికంగా జరిపే సంప్రదాయం వచ్చింది. హైదరాబాదు కోఠిలోని మహిళా కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయంగా రూపొందగా, 2024లో దానికి ఐలమ్మ పేరు పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ ఆవరణలో ఉన్న చారిత్రక భవనం ఒకప్పుడు బ్రిటిషు రెసిడెంటు నివాసం. నిజాములు, ఆంగ్లేయులు రాజ్యభారాన్ని గురించి మంతనాలు జరిపిన చోట, నేడు విద్యార్థినులు చదువుకొంటున్నారు. బడి గడప తొక్కని ఒక చాకలి స్త్రీ పేరు విశ్వవిద్యాలయానికి అలంకారం కావడం కాలం తీర్చుకొన్న ఋణమని చెప్పవచ్చు.

ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. చాకలి అన్న మాటను ఆమె పేరుకు ముందు చేర్చినది సమాజం. ఆనాడు ఆ మాట ఆమె స్థానం ఎక్కడో గుర్తుచేయడానికి వాడినది. నేడు అదే మాటను ప్రజలు గర్వంతో ఉచ్చరిస్తున్నారు. మాట మారలేదు, దాని విలువ మారింది. ఆ విలువను మార్చినది ఒక తల్లి మొండి ధైర్యం. నేల దున్నినవారిదే పంట అన్న సామాన్య సత్యాన్ని తన జీవితంతో నిరూపించిన ఐలమ్మ చరితార్థురాలు.

కఠిన పదాలు – అర్థాలు

వెట్టిచాకిరీ = కూలి ఇవ్వకుండా చేయించుకొనే పని
గడీ = దొర నివసించే కోట వంటి భవనం
దేశముఖు = పన్నుల వసూలు అధికారం నుండి ఎదిగిన పెద్ద భూస్వామి
పట్వారీ = గ్రామంలో భూమి లెక్కలు రాసే ఉద్యోగి
ఫర్మానా = నిజాం రాజాజ్ఞ
పడావు = సాగు చేయక వదిలిన భూమి
కల్లం = పంటను నూర్చే చోటు
మైల = మురికి
చరితార్థురాలు = జన్మను సార్థకం చేసుకొన్న స్త్రీ

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులకు మించకుండా సమాధానాలు రాయండి.
1. ఐలమ్మ తన పంటను దక్కించుకొన్న తీరును వివరించండి.
2. ఐలమ్మ పోరాటం తెలంగాణ రైతాంగ ఉద్యమానికి ఎట్లా స్ఫూర్తినిచ్చిందో తెలపండి.

II. క్రింది ప్రశ్నలకు సంక్షిప్తంగా సమాధానాలు రాయండి.
1. వెట్టిచాకిరీ అంటే ఏమిటి? చాకలివారు ఏయే పనులు చేయవలసి వచ్చేది?
2. షేక్ బందగీ ఉదంతం ఐలమ్మ సాహసాన్ని ఎట్లా తెలియజేస్తుంది?
3. ఐలమ్మకు, రోజా పార్క్స్‌కు గల పోలికలు ఏవి?

III. ఒక్క వాక్యంలో సమాధానాలు రాయండి.
1. ఐలమ్మ జన్మస్థలం ఏది?
2. ఆంధ్ర మహాసభ తొలి సమావేశానికి ఎవరు అధ్యక్షత వహించారు?
3. భువనగిరి మహాసభ ఏ సంవత్సరంలో జరిగింది?
4. ఐలమ్మ ఎన్ని ఎకరాలను సాగులోకి తెచ్చింది?